ఎవరూ అనుమతి అడగని ప్రయోగం

సీమలో ఎద్దు చచ్చిపోయిందంటే ఆ పూట రైతింట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆడవాళ్లు శోకాలు పెట్టేవారు, ఇరుగుపొరుగు వచ్చి పలకరించి పోయేవారు. ఆ తర్వాత గొడ్డును వంక దాటించి ఊరవతలి బీట్లోకి ఈడ్చేవారు. తోలు ఒలిచే కష్టం మాదిగ కుటుంబాలది. చివర్లో ఎముకలు ఏరి అమ్ముకునేవాళ్లు వేరే ఉండేవారు. తోలుకూ ఎముకకూ మధ్యన ఉన్నదంతా రాబందులది.

ముందు కాకులు చేరేవి. కాసేపటికి ఆకాశంలో ఎక్కడో ఒక చుక్క, దాని వెనక ఇంకో చుక్క. ఒకటి దిగడం చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది, అలా ఆమడ దూరం నుంచి కూడా వచ్చి వాలేవి. యాభై అరవై పక్షులు కూడితే పెద్ద ఎద్దు కూడా ఒక్క పూటకు మిగిలేది కాదు. వాటి కడుపులో ఉండే ఆమ్లం మామూలుది కాదు. మనుషుల్నీ గొర్రెల్నీ చంపే దొమ్మరోగం క్రిములు కూడా చాలామటుకు అందులో చచ్చిపోతాయి. రాబందు తిన్న చోట రోగం ఆగిపోయేది.

1876లో ధాత కరువు వచ్చి కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను రెండేళ్లు పీల్చి పిప్పి చేసినప్పుడు మనుషుల్నే పూడ్చే దిక్కు లేదు, గొడ్లను ఎవరు పూడుస్తారు? ఆ తర్వాత కూడా కరువులు వస్తూనే ఉన్నాయి. గడ్డి లేక, నీళ్లు లేక పడిపోయిన పశువుల్ని ప్రతిసారీ ఊడ్చిపెట్టింది ఈ పక్షులే. కరువుల చరిత్రలో గంజి కేంద్రాల లెక్కలున్నాయి, కూలి పనుల లెక్కలున్నాయి. వీటికి ఒక పేరా కేటాయించిన పుస్తకం నాకింతవరకూ తగల్లేదు.

ఒంటిమిట్ట కోదండరాముడున్న జిల్లాలో, మొల్ల ఊరు గోపవరం ఉన్న జిల్లాలో, జటాయువు కథ తెలియని పిల్లలుండరు. కన్నతండ్రి చితికి నిప్పు పెట్టే భాగ్యం లేకపోయిన రాముడు ఆ పక్షి చితికి తానే నిప్పు పెట్టాడు. కథలో ఇంత మర్యాద చేసిన మనమే, రాబందు ఇంటి మీద వాలితే అరిష్టమని శాంతి చేయించాం, కొందరైతే ఇల్లే ఖాళీ చేశారు. దాన్ని ఇష్టంగా తలెత్తి చూసినవాళ్లు తక్కువ. అది తగ్గిపోతున్న సంగతి ఆలస్యంగా తెలియడానికి ఇదొక కారణమని నేననుకుంటాను.

ఇంకో కారణం, అవి లెక్కలేనన్ని ఉండటం. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర కలివికోడి దొరికింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించని పిట్ట అది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానిక వేటగాడు ఐతన్న కలిసి దాన్ని మళ్లీ లోకానికి చూపించారు. అరుదైన పిట్ట కాబట్టి పక్షి శాస్త్రజ్ఞుల చూపంతా అక్కడి లంకమల కొండల మీదికి మళ్లింది, అభయారణ్యం కూడా వచ్చింది. అదే కాలంలో దేశం మొత్తం మీద రాబందులు దాదాపు 4 కోట్లుండేవని ఒక అంచనా. నాలుగు కోట్లున్న పక్షి కోసం అభయారణ్యం ఎవరు అడుగుతారు?

ఆ తర్వాత ఆరేడేళ్లకే పతనం మొదలైంది.

దానికి కారణమైన డైక్లోఫినాక్ మనకు తెలియని మందేమీ కాదు. 1970లలో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా-గైగీ తెచ్చిన నొప్పుల మందు. వొవెరాన్ అంటే పల్లెల్లో ముసలివాళ్లు కూడా గుర్తుపడతారు. ప్రయోగశాలల్లో ఎలుకలూ ఇతర జంతువులూ ఆ మందును మోశాకే మనుషులకు ఇచ్చారు. 1990ల మొదట్లో మన దేశంలో పశువుల సూదిమందుగా కూడా వాడకంలోకి వచ్చింది. చవక, పైగా పనిచేసేది. గుంటక తోలే అదునులో ఎద్దు కుంటితే అదును పోతుంది, అదును పోతే ఆ ఏటి పంట పోతుంది. నిన్న కుంటిన ఎద్దు ఇవాళ కాడి కింద నడుస్తుంటే ఏ రైతు వద్దంటాడు? రాబందుల చావుకు రైతును తప్పుపట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. మందు సీసా మీద పక్షి బొమ్మేమీ లేదు.

జరిగింది ఇది. సూది పడ్డాక మందు పశువు ఒంట్లో కొన్నాళ్లు ఉంటుంది. ఆ నాళ్లలో పశువు చచ్చిపోతే ఆ కళేబరమే విషం. ఒంటి బరువు కిలోకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల మందు అందితే తెల్లవీపు రాబందుల్లో సగం చచ్చిపోతాయని తర్వాత తేలింది. అంటే నాలుగైదు కిలోల పక్షికి ఒక్క మిల్లీగ్రాము చాలు. మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. బయటికి పోవలసిన యూరిక్ ఆమ్లం లోపలే పేరుకుంటుంది. కోసి చూస్తే గుండె మీదా కాలేయం మీదా సున్నం కొట్టినట్టు తెల్లటి పొర. ఒకటి రెండు రోజుల్లో పక్షి కొమ్మ మీంచి రాలిపోతుంది. ఒక్కో కళేబరం మీద పదుల కొద్దీ వాలతాయి కనుక, మందున్న కళేబరాలు నూటికి ఒకటి లేకపోయినా జాతి తుడిచిపెట్టుకుపోతుందని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి కేంద్రంలో విభు ప్రకాశ్ ముందుగా ఈ చావులను గుర్తించారు. ఆయనదీ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీయే. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. వెయ్యి ఉన్నచోట ఒకటి మిగిలింది. పొడుగుముక్కు, సన్నముక్కు జాతులు కలిపి 97 శాతం దాకా పోయాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి ఇది. గూడు కట్టే ఈడు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. అంత నెమ్మదిగా పెరిగే జాతి మీద అంత వేగంగా చావు పడింది. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. కొందరు పురుగుమందులన్నారు, ఇంకొందరు గూళ్లు కట్టే పెద్ద చెట్లు కొట్టేయడం వల్లనన్నారు. ఈలోగా ఊళ్ల చివర బీళ్లలో కళేబరాలు కుళ్లి వాసన కొట్టడం మొదలైంది.

కారణం 2003లో పాకిస్తాన్ పంజాబ్‌లో దొరికింది. పెరెగ్రిన్ ఫండ్ తరఫున అక్కడ పనిచేసిన అమెరికా పశువైద్యుడు లిండ్సే ఓక్స్ వైరస్ కోసం వెతికాడు, సీసం కోసం వెతికాడు, పురుగుమందుల కోసం వెతికాడు. ఏదీ కాదు. చివరికి ఆయన బృందం మందుల షాపులకూ పశువుల డాక్టర్ల దగ్గరికీ వెళ్లి, ఇక్కడ గొడ్లకు ఏ మందు ఎక్కువగా పొడుస్తున్నారని అడిగింది. జవాబు అక్కడ ఉంది. లోపల తెల్లపొర పట్టి చచ్చిన 25 పక్షుల మూత్రపిండాలు పరీక్షిస్తే ఇరవై ఐదింటిలోనూ డైక్లోఫినాక్ ఉంది. వేరే కారణంతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేదు.

అంతటితో ఆగలేదు. గాయపడి తిరిగి ఎగరలేని రాబందులకు ఆ మందు పొడిచిన గేదె మాంసం, మేక మాంసం పెట్టారు. తిన్న 20 పక్షుల్లో 13 చనిపోయాయి. 2004లో నేచర్ పత్రికలో అది అచ్చయింది.

ఈ పదమూడు పక్షుల దగ్గర కొంచెం ఆగాలి. ఒక జాతిని బతికించడానికి ఆ జాతి పక్షులనే చంపారు. తప్పా? మందు కంపెనీలూ ప్రభుత్వాలూ ఒప్పుకోవాలంటే మూత్రపిండాల్లో మందు దొరికితే చాలదు, మందే చంపిందని చూపించాలన్నది శాస్త్రవేత్తల వాదం. దాన్ని నేను కాదనలేను. కానీ ఈ కథలో అసలు ప్రయోగం అంతకు పదేళ్ల ముందే మొదలైంది. డైక్లోఫినాక్‌ను ఆకాశంలోని ప్రతి రాబందు మీదా పరీక్షించాం. ఎలుకను బోనులో పెట్టి సూది గుచ్చాలంటే మన దేశంలో చట్టం ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రయోగాలను అదుపు చేయడానికి ఒక కమిటీ వేయమంది. 1998 నిబంధనల తర్వాత ప్రతి సంస్థలోనూ నైతిక సంఘం ఉండాలి, ఫారం-బి నింపాలి, ఎన్ని జంతువులు, ఎందుకు, వేరే దారి లేదా అన్న ప్రశ్నలకు జవాబు రాయాలి. నాలుగు కోట్ల పక్షుల మీద జరిగిన ప్రయోగానికి ఏ ఫారమూ లేదు.

తర్వాతి అధ్యాయంలో మాత్రం నేర్చుకోదగ్గది ఒకటి జరిగింది. డైక్లోఫినాక్ ఆపమంటే సరిపోదు, రైతు చేతికి మరో మందు ఇవ్వాలి. ఏ మందు క్షేమమో తెలుసుకోవడానికి మిగిలిన కొద్ది రాబందులకు ఒక్కో మందూ పొడిచి చూస్తూ పోతే జాతే మిగలదు. అందుకని పరిశోధకులు ముందు ప్రపంచంలోని జంతు ప్రదర్శనశాలలకూ పక్షివైద్యులకూ రాశారు: మీ దగ్గర జబ్బుపడ్డ గద్దలకూ డేగలకూ రాబందులకూ ఏ నొప్పిమందులిచ్చారు, ఏమైంది? మెలాక్సికామ్ తీసుకున్న పక్షులు 700కు పైగా ఉన్నాయి, ఒక్కటీ దానివల్ల చావలేదు. డైక్లోఫినాక్ ఇచ్చిన చోట్ల చావులున్నాయి. ఈ జవాబులు చేతికొచ్చాకే ఆఫ్రికా తెల్లవీపు రాబందులకూ, ఆ తర్వాత మన దేశంలో బోనుల్లో ఉన్న వాటికీ మెలాక్సికామ్ ఇచ్చి చూశారు. అన్నీ బతికాయి. 2006లో ఆ ఫలితం వెలువడింది.

జంతు ప్రయోగాలను వ్యతిరేకించేవాళ్లు ఎక్కువగా ఎత్తి చూపే లోపం ఒకటి ఈ కథలోనే దొరుకుతుంది. ఒక ప్రాణి మీద నిలిచిన మందు మరో ప్రాణి మీద నిలుస్తుందని భరోసా లేదు. డైక్లోఫినాక్‌ను కోడి చాలావరకు తట్టుకుంటుంది. అమెరికాలోని టర్కీ రాబందు అయితే మన రాబందును చంపే మోతాదుకు వంద రెట్లు ఇచ్చినా బతికింది. పేరుకు అదీ రాబందే. దాని మీద పరీక్షించి క్షేమమని ముద్ర వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ప్రయోగాలను సమర్థించేవాళ్లు దీనికి చెప్పే జవాబు, అందుకే ఇంకా ఎక్కువ జాతుల మీద పరీక్షించాలని. నాకు ఆ దారి ఎక్కడ ఆగుతుందో కనిపించదు.

2006 మే నెలలో భారత ఔషధ నియంత్రణ సంస్థ పశువుల డైక్లోఫినాక్ తయారీని ఆపమంది. కాగితం మీద ఆగింది. మనుషుల కోసం తయారైన 30 మిల్లీలీటర్ల సీసాలు పశువుల సంచుల్లోకి చేరాయి. మనిషికి ఒక మోతాదు 3 మిల్లీలీటర్లే. అంత పెద్ద సీసా ఎవరి కోసమో అందరికీ తెలుసు. 3 మిల్లీలీటర్లకు మించి అమ్మకూడదన్న ఆదేశం రావడానికి 2015 దాకా పట్టింది. దాన్ని మందుల కంపెనీలు మద్రాసు హైకోర్టులో సవాలు చేస్తే 2017లో ఆదేశమే నిలిచింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కీటోప్రొఫెన్ సంగతి. అదీ పశువుల నొప్పిమందే. ఆఫ్రికా రాబందులకు ఆ మందు ఇచ్చి చూస్తే పదకొండింటిలో ఏడు చనిపోయాయి. ఆ ఫలితం 2010 నాటికే అచ్చులో ఉంది. మన దేశంలో పశువులకు దాన్ని నిషేధించింది 2023 జూలై చివర్లో. పదమూడేళ్లు! ఆ ఏడు పక్షుల చావును ఏ లెక్కలో వేయాలి? ప్రయోగం చేసి ప్రాణం తీసి, దాని జవాబును అరలో పెట్టి తాళం వేస్తే అది శాస్త్రం అనిపించుకోదు, ఉత్త హత్య అనిపించుకుంటుంది. ఆ ప్రయోగం చేసినవాళ్ల కన్నా దాన్ని చదివి పక్కన పెట్టినవాళ్లదే పాపం.

అదే రోజు నిషేధమైన ఎసిక్లోఫినాక్ కథ వేరు. ఆ మందు ఆవు ఒంట్లోకి పోగానే డైక్లోఫినాక్‌గా మారిపోతుందని పశువుల రక్తం నమూనాలు చూసే కనిపెట్టారు. రాబందుకు పెట్టి చంపి చూడాల్సిన పనే పడలేదు. అయినా దాని నిషేధానికీ ఏళ్లే పట్టాయి. ఇంకో నొప్పిమందు నిమెసులైడ్ వంతు 2024 డిసెంబరు చివర్లో వచ్చింది.

రాబందులు పోయిన చోటికి కుక్కలు వచ్చాయి. కళేబరాలు తిని గుంపులు కట్టాయి. పిచ్చికుక్క కాటు అంటే సీమలో పాతతరం వాళ్లకు ఒక్కటే గుర్తు: బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ సూదిమందు గొర్రె మెదడుతో చేసేవారు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ కనిపెట్టిన పద్ధతి అది. గొర్రెకు రేబిస్ ఎక్కించి, కాళ్లు పడిపోయాక చంపి, మెదడు రుబ్బి మందు తీసేవారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో కూడా తయారయ్యేది. ఆ మందు వేయించుకున్న కొందరు మనుషులకు పక్షవాతం వచ్చేది. 2004 చివర్లో దేశమంతా దాని తయారీ ఆగిపోయింది. కణాల్లో పెంచే టీకా వచ్చింది. హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దాన్ని తయారుచేస్తోంది. గొర్రె బతికింది, మనిషికీ పక్షవాతం భయం తప్పింది. ప్రయోగాలు లేకపోతే వైద్యమే లేదని వాదించేవాళ్లకు నేను ఈ గొర్రెలను చూపిస్తాను. కణాల టీకా వెనకా ఎక్కడో ఒక జంతువు ఉందని వాళ్లంటారు, అది నిజమే. 1962లో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసిన కణాల వరుస అది. అరవై ఏళ్లుగా ఆ కణాలే పెరుగుతున్నాయి. ఏటేటా మందలకు మందలు చంపడం ఎక్కడ, ఇది ఎక్కడ?

ఇక మనుషుల లెక్క. ఆర్థికవేత్తలు ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రాబందులు ఎక్కువగా ఉండి పోయిన జిల్లాల్లో మనుషుల చావులు పెరిగాయి. 2000 నుంచి 2005 వరకు అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయారని వాళ్ల అంచనా. కుళ్లిన కళేబరాలు, చెడిన నీళ్లు, కుక్కలు. అనుమతి అడగని ఆ ప్రయోగంలో మనమూ ఉన్నాం.

జంతు ప్రయోగాలను వ్యతిరేకించడం ఎలా అని అడిగేవాళ్లకు చెప్పదగ్గది కొంత ఉంది. 1960 చట్టమే, వేరే దారి ఉన్నచోట జంతువుల మీద ప్రయోగం మానుకోమని చెబుతోంది. ప్రయోగాలు చేసే ప్రతి ఫార్మసీ కాలేజీలో, వైద్య కళాశాలలో నైతిక సంఘం ఉండాలి. అందులో శాస్త్రవేత్త కాని, సమాజం తెలిసిన సభ్యుడు ఒకరుండాలి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు కాఫీ తాగి సంతకం పెట్టి లేస్తే ఎలుకకు దిక్కు లేదు. కర్నూల్లోనో కడపలోనో చదువుకునే ఫార్మసీ విద్యార్థి, ఈ ప్రశ్నకు జవాబు ఇదివరకే ఎక్కడైనా అచ్చయిందా అని మాస్టారును అడగొచ్చు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. కొత్త మందుల నిబంధనలను 2023లో సవరించి, జంతువులకు బదులు కణాలతో, కంప్యూటర్లతో, చిప్ మీద పెంచిన అవయవాలతో చేసిన పరీక్షలనూ ఒప్పుకుంటామన్నారు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆవరణలో ఇలాంటి పద్ధతుల కోసమే ఒక కేంద్రం పనిచేస్తోంది. ఒక్క రోజులో ప్రయోగాలన్నీ ఆపేయమనే నినాదం నాకు పనికొచ్చేదిగా అనిపించదు. రేపు పాముకాటు పడ్డ వేరుశనగ కూలీకి గుర్రం రక్తం నుంచి తీసిన విరుగుడే ఎక్కించాలి. ఆ గుర్రానికి మనం ఏం బాకీ ఉన్నామో తేల్చుకోవడం, దాని బదులు ఏం తేగలమో వెతకడం, ఈ రెండు పనులూ ఇవాళే చేయొచ్చు.

మన చుట్టుపక్కల రాబందు ఇంకా పూర్తిగా పోలేదు. షోలే సినిమా తీసిన రామనగర కొండలను కర్ణాటక ప్రభుత్వం 2012లో రాబందుల అభయారణ్యం చేసింది. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు కనిపించాయి. హైదరాబాద్ జూలో రాబందు పిల్లల్ని పెంచే కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాల్లో పెరిగిన పిల్లలు బయటికి వచ్చి బతకాలంటే వాటికి దొరికే కళేబరం శుభ్రంగా ఉండాలి.

అది ఊళ్లో పశువున్న ప్రతి ఇంటివాళ్ల చేతిలో ఉంది. పశువుల డాక్టరో గోపాలమిత్రో సూది తీసినప్పుడు సీసా అడిగి చూడండి. మెలాక్సికామ్ గానీ టోల్ఫెనమిక్ ఆసిడ్ గానీ పొడవమనండి, ఈ రెండూ రాబందును చంపవని తేలింది. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్: ఈ నాలుగింటిలో ఏది కనిపించినా వద్దనండి, పశువులకు అమ్మిన షాపు మీద జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు కాగితం రాయండి. మనిషి కోసమని రాసి ఉన్న సీసాను పశువు దగ్గరికి తెస్తే వెనక్కి పంపండి. ఈ నాలుగు మందులనూ పశువుల కోసం తయారుచేయడం, అమ్మడం ఇప్పుడు చట్టప్రకారం నిషేధం.